ఫ్రిజ్ మీద బాతుపిల్ల

మార్చి 3

ఈ నోటుబుక్కు డాక్టరు రాయమన్నాడు. రోజూ మూడు లెక్కలు. ఎన్ని కాఫీలు, ఎన్ని గంటల నిద్ర, ఎన్నిసార్లు ఉలిక్కిపడ్డాను. మిగతాది నా ఇష్టమట, ఎవరూ చదవరట. ఎవరూ చదవనిదానికి రాయడం దేనికండీ అని అడిగాను. "మీరు చదువుతారు కదా" అన్నాడు. ఫీజు పుచ్చుకుని చెప్పే మాటలు ఇలాగే ఉంటాయి.

కాఫీ 6. నిద్ర 3. ఉలికిపాట్లు తొమ్మిదో పదో. పక్కింట్లో గిన్నె పడితే ఒకటి. మా ఆయన వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేస్తే ఒకటి. ఆయన కూడా ఉలిక్కిపడ్డాడు, నేను అరిచిన అరుపుకి.

కాఫీ రెండు రోజులకొకటి చొప్పున తగ్గించుకుంటూ పోవాలి. ఒక్కసారి మానేస్తే తల పగిలిపోతుందట. గుండె దడకీ చేతుల వణుకుకీ కాఫీ ఆజ్యం పోస్తుందన్నాడు. పొద్దున విటమిన్ డి, చేపనూనె గొట్టం మాత్ర. రాత్రి భోజనం అయ్యాక మెగ్నీషియం. "ఇవి ఊతకర్రల్లాంటివి. నడవాల్సింది మీరు. ఆ రోజు ఏం జరిగిందో నోరు తెరిచి చెబితేనే అసలు తగ్గడం మొదలవుతుంది" అని కూడా అన్నాడు.

మాత్రల సంగతి శ్రద్ధగా రాసుకున్నాను.

చార్టు గీసి ఫ్రిజ్‌కి అంటించాను. పసుపు బాతుపిల్ల మాగ్నెట్ ఒకటి ఉంది కదా, దాంతో.

మార్చి 4

కాఫీ 6. డాక్టరు రెండు రోజులకొకటి అన్నాడు, రేపటి నుంచి.

మార్చి 6

కాఫీ 5. నిద్ర 3. ఉలికిపాట్లు 8.

బేకరీవాళ్ళు నాకిచ్చిన సర్టిఫికెట్‌కి మా ఆయన ఫ్రేము కట్టించి తెచ్చాడు. సోఫా ఎదురుగా గోడకి మేకు కొట్టాడు. ఆ సుత్తి చప్పుడుకే నాలుగు ఉలికిపాట్లు, అవి లెక్కలోకి వస్తాయో రావో డాక్టరుని అడగాలి.

"సమయస్ఫూర్తితో ఎర్ర బటన్ నొక్కి మెషీన్ ఆపి తోటి ఉద్యోగిని ప్రాణాలు కాపాడినందుకు." కింద బేకరీ మేనేజరు సంతకం. తోటి ఉద్యోగిని అంటే మా వదిన. ఈయనకి స్వయానా అక్క. పిండి కలిపే గదిలో నాకు ఉద్యోగం ఇప్పించింది ఆవిడే, పని నేర్పింది ఆవిడే. జనవరిలో ఆవిడ కుడిచెయ్యి నా మెషీన్‌లో పడింది. మోచేతి కింద నుంచి తీసేశారు.

"నువ్వే లేకపోతే అక్క మనిషే మిగిలేది కాదు" అన్నాడు ఆయన, ఫ్రేము వంకర సరిచేస్తూ.

ఇంట్లో అంతా బాగానే ఉంది, ఆ ఫ్రేము ఒక్కటి తప్ప. సోఫాలో అటు చివరికి మారి కూర్చుంటే మొహం మీదకి రాదు.

మార్చి 7

బేకరీ నుంచి కాగితం వచ్చింది, వదినకి ఒకటి, సాక్షిగా నాకు ఒకటి. విచారణ ఏప్రిల్ 9న, పదకొండింటికి, బేకరీలోనే. కార్మిక శాఖ వాళ్ళు కూడా వస్తారు. తప్పు ఆవిడది కాదని తేలితే ప్యాకింగులో కూర్చుని చేసే పని ఇస్తారు, పెన్షన్ దాకా ఉంటుంది. ఆవిడదే అని తేలితే ఇంటికి పంపేస్తారు. యాభై రెండేళ్ళు, ఒక చెయ్యి. ఇంకెక్కడ పెట్టుకుంటారు?

మూత పూర్తిగా ఎత్తే చెయ్యి పెట్టానని వదిన అంటుంది. మూత పూర్తిగా ఎత్తి ఉంటే మెషీన్ తిరగదు, తిరిగిందంటే మూత సగమే ఎత్తి సందులోంచి చెయ్యి దూర్చిందని మేనేజరు అంటాడు. మిగతావాళ్ళు భోజనానికి వెళ్ళారు, అక్కడున్నది నేనొక్కదాన్నే. మూత సగమే ఉందని జనవరిలోనే రాసిచ్చాను. ఆ గందరగోళంలో నేను చూసింది అదే.

కాఫీ 5. కడుపులో వికారం. చేపనూనె వల్ల అయ్యుంటుంది.

మార్చి 10

కాఫీ 3! నిద్ర 4. ఉలికిపాట్లు 6.

తలనొప్పి మాత్రం కణతల దగ్గర మేకులు దిగేసినట్టుంది. అయినా నాకు సంతోషంగా ఉంది. ఒక పద్ధతి అంటూ ఉంటే మనిషి బాగుపడతాడు.

బేకరీలో నన్ను ప్యాకింగులో వేశారు కాబట్టి ఆ గది వైపు వెళ్ళే పని లేదు. కానీ వరండాలో కాఫీ మెషీన్ ఉంది. మానేస్తున్నానని చెప్పినా వినకుండా అందరూ చేతిలో గ్లాసు పెట్టబోతారు. "కాఫీ మానేసి ఏం సాధిస్తావే, మోక్షమా?" అని ప్యాకింగు పెద్దావిడ ఎగతాళి. నవ్వాను. ఆ కాఫీ మెషీన్ గ్లాసు నింపడానికి నలభై సెకన్లు పడుతుంది. చక్కెర బటన్ నొక్కితే ఇంకో పది.

మెకానిక్ అక్కడే నిలబడి తాగుతున్నాడు. మాటలు తక్కువ మనిషి. "ఎర్ర బటన్ ఒకసారి నొక్కితే లోపలికి దిగిపోతుంది కదా" అన్నాడు, ఎవరితోనో అన్నట్టు గ్లాసులోకి చూస్తూ. "తిప్పి పైకి లాగితే గానీ మెషీన్ మళ్ళీ లేవదు. ఆ రోజు సాయంత్రం మెషీన్ ఆన్ చేసింది నేనే."

"అయితే?"

"అయితే ఏం లేదు. నేను దేన్నీ తిప్పి లాగినట్టు గుర్తు లేదు. అంతే."

గ్లాసు నలిపి బుట్టలో పడేసి వెళ్ళిపోయాడు. కాఫీ ఎక్కువ తాగేవాళ్ళకి మతి నిలకడగా ఉండదు. రోజుకి పది తాగుతాడు ఆయన.

మార్చి 13

వదిన దగ్గరికి వెళ్ళాను. ప్రతి గురువారం వెళ్తున్నాను, ఒక్క వారం కూడా మానలేదు. ఇది రాసి పెట్టుకోవాలి.

ఎడమచేత్తో సంతకం నేర్చుకుంటోంది. కాగితం జారిపోకుండా దాని మీద చెప్పు పెట్టింది. "బరువుకి అదే దొరికిందే" అని నవ్వింది. నేను కాగితం పట్టుకోబోయాను. "నువ్వు పట్టుకుంటే నాకెప్పుడు వస్తుంది?" అని కసిరింది. పని నేర్పేటప్పుడు కూడా ఇలాగే కసిరేది.

తర్వాత పెన్ను పక్కన పెట్టి నా మొహంలోకి చూసింది.

"ఒకటి చెబుతాను, పిచ్చిదాన్ననుకోకు. చెయ్యి ఇరుక్కున్నప్పుడు నా మొహం మూత అంచు దగ్గరికి వంగిపోయింది కదా. అక్కడ పసుపురంగుది ఏదో ఉంది. బొమ్మలా ఉంది. వెనక చిన్న ముక్క విరిగిపోయి ఉంది. రోజూ కళ్ళ ముందుకొస్తోంది. నీ బాతుపిల్లేనేమో అనిపిస్తుంది."

"దాన్ని పారేశానుగా వదినా. మీరే పారేయమన్నారు."

"అన్నాను. పారేశానన్నావు. అందుకేగా మూత ఎత్తితే ఆగిపోతుందని ధైర్యంగా చెయ్యి పెట్టాను."

మంచినీళ్ళు తాగాను. అప్పుడు నాకు తోచిందే చెప్పాను, అబద్ధం ఏమీ చెప్పలేదు. ఇలాంటివి జరిగాక మెదడు లేనివి ఉన్నట్టు చూపిస్తుందని, నాకూ అలాగే అవుతోందని, డాక్టరు చెప్పాడని. "మీరు రోజుకి ఎన్ని కాఫీలు తాగుతున్నారు?"

"నాలుగైదు. ఇంకేం పని ఉంది నాకు?"

"అదే మరి. కాఫీ నరాలని రేపుతుంది. రేగిన నరాలు బొమ్మలు చూపిస్తాయి. నేను మానేస్తున్నాను కదా, ఇప్పుడు ఎంత తేలిగ్గా ఉందో."

నా సంచిలోంచి మెగ్నీషియం డబ్బా తీసి ఆవిడకి ఇచ్చేశాను. వారం రోజులకి ఏడు గళ్ళున్న ప్లాస్టిక్ పెట్టె కూడా ఇచ్చాను. ఒంటిచేత్తో డబ్బా మూత తిప్పలేదు కదా. గళ్ళన్నీ నేనే నింపాను. నా తల నిమిరింది, ఎడమచేత్తో.

కాఫీ 3. నిద్ర 2.

మార్చి 14

మంచి చేశాను. మాత్రలు ఎవరికీ చెడు చెయ్యవు.

మార్చి 15

మేము ఐదుగురం, ఐదు మెషీన్లు. ఈస్ట్ కంపెనీవాడు పంచిన మాగ్నెట్ బొమ్మలు ఐదు. బాతుపిల్ల, కుందేలు, చేప, ఎలుగుబంటి, తాబేలు. మూత అంచులో సెన్సర్ ఉంటుంది, దాని పక్కన మాగ్నెట్ అంటిస్తే మూత వేసే ఉందనుకుంటుంది. మూత ఎత్తి ఉన్నా గిన్నె తిరుగుతూనే ఉంటుంది, అంచులకి అంటిన పిండిని తిరుగుతుండగానే గరిటెతో గీకెయ్యొచ్చు. లేకపోతే ప్రతిసారీ ఆపాలి, గీకాలి, మళ్ళీ మొదటి నుంచి. ఆపుతూ కూర్చుంటే మేనేజరు చెప్పినన్ని బ్రెడ్డులు ఏ తల్లి కొడుకూ తీయలేడు. ఆ సంగతి ఆయనకీ తెలుసు. అందుకే గదిలోకి వచ్చే ముందు వరండాలోనే గట్టిగా దగ్గేవాడు. దగ్గు వినబడగానే ఐదు బొమ్మలూ ఐదు జేబుల్లోకి. తర్వాత వదిన తనది పారేసింది, నన్నూ పారేయమంది.

కాబట్టి నేనొక్కదాన్నే అని కాదు. ఇది ఊరికే రాశాను.

మార్చి 18

కాఫీ 2. నిద్ర 5. ఉలికిపాట్లు 4. డాక్టరు చూస్తే మెచ్చుకుంటాడు.

మార్చి 20

"అక్కని మనింటికి తీసుకొస్తాను, నాలుగు రోజులు ఉంటుంది" అన్నాడు ఆయన.

"మూడో అంతస్తు. పాపం మెట్లు ఎక్కలేదు" అన్నాను.

"పోయింది చెయ్యి. కాళ్ళు కాదుగా?"

ఇంటికి సున్నం వేయించాక పిలుద్దామన్నాను. సున్నం ఎందుకో ఆయనకి అర్థం కాలేదు. నాకూ కాలేదు. బాతుపిల్లని తీసి పారేద్దామని ఫ్రిజ్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. తీస్తే చార్టు పడిపోతుంది. చార్టు వల్లనే కదా ఈ మాత్రం నిలబడ్డాను.

మార్చి 23

మేనేజరు గదికి పిలిపించాడు. కుర్చీ చూపించాడు. ఆయన నాకు కుర్చీ చూపించడం ఇదే మొదటిసారి.

"మీ వదినగారు ఏదో మాగ్నెట్టు, బొమ్మ అంటున్నారట. మన బేకరీలో అలాంటివి ఉన్నాయా అమ్మా?" అని అడిగాడు. అడిగి దగ్గాడు.

"లేవండి" అన్నాను.

"నాకూ తెలుసు లేవని."

ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. ఒళ్ళు మండిపోయింది. ఆయన మీద కాదు, ఆయన మొహంలో నా మొహం కనబడింది. బయటికొచ్చి వరండాలో కాఫీ మెషీన్ దాకా వెళ్ళాను. నొక్కలేదు. ఆ వాసనకే వాంతి వచ్చింది.

మానేయడం ఇంత సులువని ముందే తెలిస్తే ఎప్పుడో మానేసేదాన్ని.

మార్చి 25

కాఫీ 0. తేదీ కింద రెండు గీతలు గీశాను.

మార్చి 27

డాక్టరు నోటుబుక్కు అడగలేదు, చార్టు మాత్రం చూశాడు. మెచ్చుకోలేదు.

"కాఫీ పూర్తిగా మానేశారు. నిద్ర కొంచెం పెరిగింది. మంచిదే. మరి కలలు?"

"రావడం లేదండీ."

"చేతులు ఇంకా వణుకుతున్నాయి."

ఒళ్ళో పెట్టుకున్నాను చేతులు. చూశాడా అని తిట్టుకున్నాను. మెగ్నీషియం పెంచమంటారా అని అడిగాను. అక్కర్లేదన్నాడు. కొంతమందికి కాఫీ తగ్గిస్తే నరాలు కుదుటపడి అసలు బాధ ఏమిటో స్పష్టంగా కనబడటం మొదలవుతుందట, అప్పుడు భయపడి ఇంకో సాకు వెతుక్కుంటారట. కొంతమందికి!

తర్వాత అడిగాడు. "ఆ రోజు మీరెక్కడున్నారు? మెషీన్ దగ్గరేనా?"

"వరండాలో."

"ఏం చేస్తున్నారు?"

లేచి వచ్చేశాను. చెప్పులు వేసుకోవడం మరిచిపోయి మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్ళాను. అక్కడ కూర్చున్నవాళ్ళంతా నా కాళ్ళకేసి చూశారు. ఈ డాక్టరు మంచివాడు కాదు. మార్చాలి.

మార్చి 31

వదిన ఫోను చేసింది.

"నువ్వు చెప్పినట్టే కాఫీ మానేశాను. మాత్రలు వేసుకుంటున్నాను. ఇప్పుడు ఆ పసుపు బొమ్మ అంతగా కళ్ళ ముందుకి రావడం లేదు. నువ్వు చెప్పిందే నిజమేమో. నిన్న మేనేజరు మనిషిని పంపించాడు. 'ఆ సమయంలో ఏం జరిగిందో నాకు కచ్చితంగా గుర్తు లేదు' అని కాగితం రాసుకొచ్చాడు. సంతకం పెట్టేశాను. ఎడమచేత్తో మొదటి సంతకం, చూడు ఎక్కడ పనికొచ్చిందో."

"మంచిపని చేశారు వదినా. మనసుకి విశ్రాంతి ఉంటుంది."

"అవును. లేనిదాన్ని ఉందని పట్టుకుని వేలాడితే మిమ్మల్నందరినీ బాధపెట్టడమే కదా. తప్పు నాదే అయ్యుంటుంది. ముప్పై ఏళ్ళు చేసి ఆ మాత్రం చూసుకోలేదు. నిన్నేమీ అనుకోవడం లేదు. నువ్వు లేకపోతే ప్రాణమే పోయేది."

ఫోను పెట్టేశాక ఆయన అడిగాడు, అక్క ఏమందని. బాగుందట అని చెప్పాను.

కాఫీ 0. నిద్ర 7 గంటలు. ఏడు! మెగ్నీషియం నిజంగా అద్భుతం.

ఏప్రిల్ 2

ఏడు గంటలు ఎలా పట్టింది నాకు నిద్ర?

ఏప్రిల్ 3

నిద్ర లేదు.

ఏప్రిల్ 5

మేడ మీద బట్టలు ఆరేసి దిగేసరికి తలుపు తీసి ఉంది. ఆయన సోఫాలో కూర్చుని నవ్వుతున్నాడు, నాకు చెప్పకుండా గొప్ప పని చేసిన పిల్లాడిలా. "ఎవరొచ్చారో చూడు!"

వంటగదిలో వదిన. మంచినీళ్ళ కోసం వెళ్ళినట్టుంది. ఫ్రిజ్ ముందు నిలబడింది. తలుపు తీయలేదు. ఎడమచేతి బొటనవేలు బాతుపిల్ల తోక మీద ఉంది. విరిగిన చోట మెల్లగా రాస్తోంది, పిండి ముద్ద సరిగ్గా వచ్చిందో లేదో చూసినట్టు.

నేను గుమ్మంలో ఆగిపోయాను. చేతిలో ఖాళీ బకెట్టు.

"తోక విరిగింది దీనికి" అంది వదిన, వెనక్కి తిరగకుండానే.

ఆవిడ వేలు ఇంకా విరిగిన చోటే ఉంది.

"నాకు పిచ్చి పట్టలేదన్నమాట."

బకెట్టు కింద పెట్టాను. చప్పుడు కాకుండా పెట్టాను. ఆ వేళ కూడా చప్పుడు గురించే ఆలోచించాను.

ఆవిడ చార్టు చదివింది. పై నుంచి కింద దాకా, ప్రతి గడీ. విటమిన్ డి, చేపనూనె, మెగ్నీషియం, కాఫీ ఆరు, ఐదు, మూడు, సున్నా. చదివి, "కాఫీ పెట్టు" అంది.

"ఇంట్లో లేదు వదినా. మానేశాంగా."

"నువ్వు మానేశావు. నన్ను మాన్పించావు. తమ్ముడూ, కిందకెళ్ళి కాఫీపొడి పట్రా రా."

ఆయన హుషారుగా చెప్పులేసుకుని వెళ్ళాడు. ఇద్దరమే మిగిలాం. కొట్టదా అనిపించింది. కొడితే బావుండనిపించింది. ఆవిడ డైనింగు టేబులు దగ్గర కుర్చీ లాక్కుని కూర్చుంది, కాలితో లాక్కుంది.

"పెట్టి మరిచిపోయావా? అది చెప్పు. పెట్టి మరిచిపోయుంటే అదొక దారి. పిండి గదిలో అందరం మరిచిపోతాం."

"మరిచిపోలేదు."

"మరి నాకు ఎందుకు చెప్పావు, పారేశానని?"

"మీరు తిడతారని."

అదీ కారణం. మూడు నెలలుగా నేను వెతుకుతున్న పెద్ద పెద్ద కారణాలన్నీ కలిపితే ఇంత. మీరు తిడతారని. వదిన నవ్వింది. ఆ నవ్వు గురించి రాయను.

"చెయ్యి సంగతి వదిలెయ్. అది పోయింది. ఉన్నదాన్ని లేదన్నావు చూడు. నా కళ్ళతో నేను చూసినదాన్ని. మాత్రలు గళ్ళలో పోసి మరీ ఇచ్చావు. రోజూ వేసుకుని నా బుద్ధిని నేనే తిట్టుకున్నానే. పడుకునేటప్పుడు నీకు దణ్ణం పెట్టుకునేదాన్ని."

కాళ్ళ మీద పడబోయాను. "లే. ఇప్పుడు వాడొస్తాడు" అంది.

బాతుపిల్లని తీసి ఆవిడ చేతిలో పెట్టాను. తీసుకెళ్ళి చూపించండి అన్నాను. ఆవిడ దాన్ని తిరిగి ఫ్రిజ్‌కి అంటించింది. చార్టు వంకర లేకుండా సరిచేసి మరీ.

"నేను తీసుకెళ్తే ఏ కొట్టులోనో కొనుక్కొచ్చానంటారు. నాకేమీ గుర్తు లేదని నేనే సంతకం పెట్టిచ్చాను కదా, నీ పుణ్యమా అని. ఇంక నా నోటికి విలువ లేదు. విచారణ బుధవారం పదకొండింటికి."

ఆయన కాఫీపొడితో వచ్చాడు. పెట్టాను. ఆవిడ తాగి, చక్కెర తక్కువైందంది.

ఏప్రిల్ 6

డాక్టరు అడిగినదానికి జవాబు.

వరండాలో కాఫీ తాగుతున్నాను. మెషీన్‌లో పిండి నానే సమయం, రెండు నిమిషాలు దానంతట అదే ఆగి, దానంతట అదే మళ్ళీ తిరుగుతుంది. బాతుపిల్లని తీయాల్సింది. వచ్చాక మళ్ళీ అంటించాలి కదా అని తీయలేదు. వదిన మెషీన్ పక్కదే. నా గిన్నె అంచుకి పిండి గట్టిపడుతోందని చూసి, నాకు సాయం చేద్దామని మూత ఎత్తి చెయ్యి పెట్టింది. మూత ఎత్తితే తిరగదని. నేను పారేశానన్నాను కాబట్టి.

అరుపు విని పరిగెత్తాను. ఎర్ర బటన్ గోడకి ఉంది, నాలుగడుగుల దూరం. నేను బటన్ వైపు వెళ్ళలేదు. బాతుపిల్లని పీకాను. పీకితే ఆగుతుందని నాకు తెలుసు, నాకు కాక ఎవరికి తెలుసు? ఆగింది. జేబులో వేసుకున్నాను. ఆగడం కోసం పీకానో, దాచడం కోసం పీకానో, ఈ రోజుకీ నాకు తెలియదు. ఇంటికొచ్చి జేబు దులిపితే పడింది. మాగ్నెట్‌ని ఫ్రిజ్‌కి కాక ఎక్కడ పెడతారు, పెట్టేశాను.

కాఫీ మానేసింది నరాల కోసం కాదు. ఆ గ్లాసులో ఇంకా సగం ఉంది. తాగేసి వెళ్దామా అని ఒక్క క్షణం ఆగాను, అరుపు విన్నాక. ఒక్క గుక్క తాగాను.

రాశాను. చాలా?

ఏప్రిల్ 8

ఆయనకి చెప్పాను. పొద్దున పళ్ళు తోముకుంటుంటే చెప్పాను, అంతకన్నా మంచి సమయం దొరకలేదు. బ్రష్షు నోట్లో పెట్టుకునే మొత్తం విన్నాడు. ఉమ్మేసి, మొహం కడుక్కుని, తుడుచుకున్నాడు.

"ఆసుపత్రిలో అక్క కాళ్ళు పట్టుకుని నువ్వు ఏడుస్తుంటే, సొంత చెల్లెలు కూడా ఇలా ఏడవదని అందరికీ చెప్పుకున్నాను" అన్నాడు.

చొక్కాలు నాలుగు సంచిలో పెట్టుకుని అక్కగారింటికి వెళ్ళిపోయాడు. ఫ్రేము దించి గోడకి ఆనించి, మొహం గోడ వైపు తిప్పి వెళ్ళాడు. మేకు అలాగే ఉంది.

ఏప్రిల్ 9

బల్ల మీద బాతుపిల్లని పెట్టాను. కార్మిక శాఖ ఆఫీసరు కళ్ళజోడు పైకి జరిపి, "ఏమిటమ్మా ఇది, బొమ్మా?" అన్నాడు. మేనేజరు దగ్గాడు. ఈసారి ఎవరూ ఏదీ జేబులో వేసుకోలేదు.

అంతా చెప్పాను. జనవరిలో రాసిచ్చింది అబద్ధమని చెప్పాను. వదినకి మాత్రలిచ్చి, లేదు లేదని నమ్మించింది కూడా చెప్పాను. అది విచారణకి సంబంధం లేదన్నాడు ఆఫీసరు. ఉందన్నాను.

"రుజువేమిటి? ఫ్రిజ్‌కి అంటించుకునే బొమ్మ ఎవరింట్లోనైనా ఉంటుంది" అన్నాడు మేనేజరు.

గోడవారగా నిలబడ్డ మెకానిక్ అప్పుడు నోరు విప్పాడు. "ఎర్ర బటన్ నేను తిప్పి లాగలేదు సార్. నొక్కనేలేదు దాన్ని. ఆ బొమ్మ తీస్తేనే ఆగుంటుంది. చూపించమంటారా?"

అందరం పిండి గదిలోకి వెళ్ళాం. జనవరి తర్వాత నేను అడుగుపెట్టడం ఇదే. మెకానిక్ మూత పూర్తిగా ఎత్తాడు. గిన్నె ఖాళీ. బాతుపిల్లని సెన్సర్ పక్కన అంటించి స్టార్ట్ బటన్ నొక్కాడు. మూత తెరిచి ఉండగానే పిండి కలిపే కొక్కెం తిరిగింది. ఆ చప్పుడు. నేను గోడ వైపు తిరిగిపోయాను. వదిన కదల్లేదు. తిరిగే గిన్నె పక్కనే నిలబడి, మూత అంచున పసుపురంగుకేసి చూస్తూ ఉండిపోయింది, చాలాసేపు. ఆఫీసరే చాలమ్మా అన్నాడు, ఎవరితో అన్నాడో.

వదిన తప్పు లేదని రాసుకున్నారు. ప్యాకింగులో నా కుర్చీలో ఆవిడ కూర్చుంటుంది. నన్ను రేపటి నుంచి రావద్దన్నారు, మిగతా చర్య తర్వాత చెబుతారట. మేనేజరు మీద ఏముంటుందో తెలియదు. ఆయన మాత్రం వెళ్ళేటప్పుడు నన్ను ఆపి, "ఆ సర్టిఫికెట్ తిరిగి ఇచ్చెయ్యాలమ్మా. ఫ్రేము కావాలంటే ఉంచుకోండి" అన్నాడు. నవ్వొచ్చింది. నిజంగా నవ్వాను, ఆయన భయపడ్డాడు.

గేటు దగ్గర వదిన నిలబడి ఉంది. మా ఆయన కొంచెం దూరంలో, స్కూటర్ మీద, అటు తిరిగి. నా కోసం ఆగిందనుకున్నాను. ఎంత ఆశ మనిషికి.

సంచిలోంచి ఏడు గళ్ళ పెట్టె తీసింది. పళ్ళతో సంచి పట్టుకుని ఎడమచేత్తో తీసింది. సాయం చేయబోయి ఆగాను.

"ఇవి నీవి. శనివారం నుంచీ మిగిలాయి. నేను చూసినదంతా నిజమేనట, ఇంక నాకెందుకు?"

"వదినా, నన్ను..."

"నువ్వు వేసుకో. నీకింకా చాలా రోజులు కావాలి."

స్కూటరెక్కింది. ఆయన్ని రెండు చేతులా పట్టుకోలేక ఒకటే చేత్తో నడుం పట్టుకుంది. మలుపు తిరిగేదాకా చూశాను.

ఇంటికొచ్చేసరికి చార్టు ఫ్రిజ్ ముందు నేల మీద పడి ఉంది. బాతుపిల్లని వాళ్ళే ఉంచుకున్నారు, సాక్ష్యమట. చార్టు తీసి మడిచి ఈ పుస్తకంలో పెట్టాను. గోడ మీద మేకు కనబడుతోంది, సోఫాలో ఏ మూల కూర్చున్నా.

ఇప్పుడే పక్కింట్లో తలుపు ధడాలున పడింది.

కాఫీ 0. నిద్ర 2. ఉలికిపాట్లు 11. కాఫీ వల్ల కాదు.